ఉత్తరాయణం ఏనాడు? ఋతుచర్యకు నీడయే ప్రమాణం

ఆయుర్వేదాన్ని ఆదరించే కుటుంబాలలో ఏటా రెండు పర్యాయాలు ఒకే ప్రశ్న వినవస్తుంది. "ఉత్తరాయణం వచ్చింది గదా, ఇక ఆహారం ఎట్లా మార్చుకోవాలి?" అని ఒకసారి, "దక్షిణాయనం ప్రవేశించింది గదా, ఇప్పుడేమి తినాలి, ఏమి మానాలి?" అని మరొకసారి. ప్రశ్న మంచిదే. కాని ప్రశ్నించేవారి ఇంటి గోడమీది క్యాలెండరులో ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14న గాని, 15న గాని అచ్చయి ఉంటుంది. దక్షిణాయనం జూలై 16, 17 తేదీల ప్రాంతంలో ఉంటుంది. అదే ఇంట్లో పిల్లవాని భూగోళశాస్త్ర పుస్తకం తెరిస్తే సూర్యుడు మరలే దినాలు డిసెంబరు 21 లేక 22, జూన్ 21 అని కనిపిస్తాయి. ఒక్క సూర్యుడు ఇరవై నాలుగు దినాల ఎడంతో రెండుసార్లు మరలడం ఎట్లా సంభవం? ఈ రెండింటిలో వైద్యానికి ఏది ప్రమాణం?

నా అభిప్రాయాన్ని ముందుగానే మనవి చేస్తాను. పండుగను పంచాంగం చెప్పిన నాడే జరుపుకుందాం. అందులో మార్పు అవసరం లేదు. పథ్యాన్ని మాత్రం సూర్యుని నీడను బట్టి, మన ఊరి ఎండావానలను బట్టి నిర్ణయించుకోవాలి. ఇది నేను కొత్తగా కల్పించిన సిద్ధాంతం కాదు. "అయనం" అనే మాటకు గల అర్థమూ, ఆ మాట నడచివచ్చిన చరిత్రా, చరక సుశ్రుత వాగ్భటుల వచనాలూ ముక్తకంఠంతో చెబుతున్న సంగతే ఇది.

మాటలోనే ఉన్న మర్మం

అయనం అనగా నడక, గమనం, దారి. వెళ్ళుట అనే అర్థం గల ధాతువు నుండి ఏర్పడిన పదమిది. రాముని నడక రామాయణం అయినట్లే, సూర్యుడు ఉత్తర దిశగా సాగే నడక ఉత్తరాయణం, దక్షిణ దిశగా సాగే నడక దక్షిణాయనం. ఇక్కడ ఒక చిన్న వ్యాకరణ విశేషం గమనింపదగింది. "ఉత్తరాయణం"లో చివర ణకారం ఉంటుంది. "దక్షిణాయనం"లో నకారమే ఉంటుంది. ఉత్తర శబ్దంలోని రేఫ ప్రభావం చేత నకారం ణకారంగా మారింది. రెండవ పదంలో ఆ ప్రభావానికి నడుమనున్న ణకారం అడ్డుపడింది. "దక్షిణాయణం" అని వ్రాసేవారు ఈ భేదాన్ని గుర్తించాలి.

పాశ్చాత్యుల ఆలోచన వేరొక తీరున సాగింది. లాటిన్ భాషలో ఈ ఘట్టాన్ని "సోల్‌స్టిషియం" అన్నారు. సోల్ అనగా సూర్యుడు. రెండవ భాగానికి నిలుచుట అని అర్థం. సూర్యుడు నిలిచిపోయిన వేళ అన్నమాట. ఇంగ్లీషువారి "సాల్‌స్టిస్" దీని నుండి వచ్చినదే. రోమనులు ఈ మాటను ప్రధానంగా వేసవి ఘట్టానికే వాడేవారు. శీతకాలపు ఘట్టానికి "బ్రూమా" అనే వేరు పదం ఉండేది. మిక్కిలి పొట్టిదైన దినం అని దానికి అర్థం. గ్రీకులు "త్రోపే" అన్నారు, అనగా మరలుట. ఒకరు నడకను చూశారు, ఒకరు నిలకడను చూశారు, మరొకరు మలుపును చూశారు. చూసిన వస్తువు ఒక్కటే.

అయితే నిలకడను మనవారు గమనించలేదని భావించరాదు. ఋగ్వేదానికి చెందిన కౌషీతకీ బ్రాహ్మణంలో సూర్యుడు ఆరు నెలలు ఉత్తరంగా సాగి, దక్షిణంగా మరలబోతూ నిలుస్తాడనీ, మరల ఆరు నెలలు దక్షిణంగా సాగి, ఉత్తరంగా మరలబోతూ నిలుస్తాడనీ చెప్పబడింది. అంటే నడక, నిలకడ, మలుపు అనే మూడింటినీ వైదిక ఋషులు ఒక్కచోటనే చెప్పారు. మన పాఠ్యపుస్తకాలలో వాడుతున్న "అయనాంతం" అనే పదం ఆ నిలిచే ఘట్టానికి పెట్టిన పేరు. ఒక నడక ముగిసి వేరొక నడక మొదలయ్యే చోటు అది.

నీడ చెప్పే సాక్ష్యం

ఈ నిలకడను ఎవరైనా తమ పెరటిలో చూడవచ్చు. నూరు సెంటీమీటర్ల పొడవు గల కర్రను చదునైన నేలమీద నిట్టనిలువుగా పాతి, మధ్యాహ్నం దాని నీడ అతి చిన్నదైన క్షణంలో కొస వద్ద గుర్తు పెట్టాలి. హైదరాబాదు వంటి చోట డిసెంబరు 21 ప్రాంతంలో ఆ నీడ ఉత్తరంగా దాదాపు 86 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ తేదీకి అటు ఒక వారం, ఇటు ఒక వారం కొలిచినా తేడా ఒక సెంటీమీటరుకు మించదు. అదే మార్చి 21 ప్రాంతంలోనైతే ఒక్క వారంలోనే అయిదు సెంటీమీటర్లకు పైగా తగ్గుతుంది. కనుక అయనాంతం ఒక్క క్షణంలో జరిగి ముగిసేది కాదని కంటికే తెలుస్తుంది. సూర్యుడు ఆగి, ఆలోచించి, మరలినట్లు కనిపిస్తుంది.

జూన్ 21న చూస్తే ఇంకొక వింత. ఆనాడు మధ్యాహ్నపు నీడ పది సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువగా, అదీ దక్షిణ దిశగా పడుతుంది. కర్కాటకరేఖ మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఉత్తరంగా ఉన్నది గనుక సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్ళిపోతాడు. హైదరాబాదులో మే 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, తిరుగు ప్రయాణంలో ఆగస్టు 2, 3 తేదీల ప్రాంతంలో మరొకసారి నడినెత్తిన నిలుస్తాడు. ఈ వాస్తవానికీ మన ఆరోగ్యానికీ గల సంబంధాన్ని కొంత సేపటికి వివరిస్తాను.

ఇరవై నాలుగు దినాల ఎడం ఎందుకు వచ్చింది?

లగధుని వేదాంగ జ్యోతిషంలో సూర్యుడు ధనిష్ఠా నక్షత్రపు ఆదిలో ఉత్తరానికి, ఆశ్లేష నడుమ దక్షిణానికి మరలుతాడని ఉన్నది. అది క్రీస్తుకు పూర్వం దాదాపు 1400 నాటి ఆకాశస్థితికి సరిపోతుంది. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ పాత మాటను స్మరించి, పూర్వశాస్త్రాలలో అట్లా ఉన్నది గనుక ఒకప్పుడు అట్లాగే జరిగి ఉండాలనీ, తన కాలంలో మాత్రం కర్కాటక, మకర రాశుల ఆదిలో సూర్యుడు మరలుతున్నాడనీ వ్రాశాడు. అంతటితో ఆగలేదు. శాస్త్రోక్తానికి తేడా కనిపించినప్పుడు ప్రత్యక్ష పరీక్షచేత నిశ్చయించాలని చెప్పి, ఉదయాస్తమయ సమయాలలో దూరపు గుర్తుల ద్వారా గాని, పెద్ద వలయంలో నీడ ప్రవేశించే, నిర్గమించే గుర్తుల ద్వారా గాని చూడమని ఉపాయం కూడా చెప్పాడు. పూర్వులపట్ల గౌరవమూ, కంటిముందున్న సత్యంపట్ల నిష్ఠా ఒకే వ్యక్తిలో ఉండగలవనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కారణం భూమి అక్షం మెల్లగా బొంగరంవలె తూలడమే. అందువలన అయన బిందువులు నక్షత్రాల నడుమ ప్రతి 72 సంవత్సరాలకు ఇంచుమించు ఒక డిగ్రీ వంతున వెనుకకు జరుగుతాయి. దీనినే అయన చలనం అంటారు. సుమారు 1700 సంవత్సరాల క్రితం మకర సంక్రమణమూ నిజమైన ఉత్తరాయణమూ ఒకే దినాన వచ్చేవి. నేడు ఆ రెండింటికీ నడుమ 24 డిగ్రీలకు పైగా ఎడం ఏర్పడింది. స్వామి వివేకానంద జన్మించిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి దినమే. ఇప్పుడు ఆ పండుగ 14న గాని, 15న గాని వస్తున్నది. సంక్రాంతి ముందుకు జరుగుతున్నది. అయనం మాత్రం డిసెంబరులోనే ఉన్నది.

ప్రస్తుతం నిజమైన ఉత్తరాయణం సూర్యుడు ధనూరాశిలో, మూలా నక్షత్రంలో ఉండగా మొదలవుతున్నది. దక్షిణాయనం మిథునరాశిలో, మృగశిర ముగిసి ఆరుద్ర మొదలయ్యే సంధిలో వస్తున్నది. మన రైతులు లెక్కించే ఆరుద్ర కార్తె జూన్ 21, 22 తేదీలలో ప్రవేశించడం ఇందుకు తార్కాణం. ఈ తేడా తెలిసే, 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఋతువులకు అనుగుణమైన సాయన గణనను సిఫారసు చేసింది. 1957 మార్చి 22 నుండి అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగంలో పుష్యం డిసెంబరు 22న, ఆషాఢం జూన్ 22న మొదలవుతాయి.

వైద్యశాస్త్రంలో అయనం

జ్యోతిష్కునికి అయనం కాలగణన. భీష్ముడు అంపశయ్యపై ఎదురుచూసిన ఉత్తరాయణం భక్తునికి పుణ్యకాలం. వైద్యునికి అది బలాబలాల లెక్క. శిశిరం, వసంతం, గ్రీష్మం అనే మూడు ఋతువులు ఉత్తరాయణం, అది ఆదానకాలం. సూర్యుడు తీక్ష్ణుడై, గాలి రూక్షమై, ప్రాణుల బలాన్నీ భూమిలోని తేమనూ దినదినం గైకొంటాడు. వర్షం, శరత్తు, హేమంతం అనే మూడు ఋతువులు దక్షిణాయనం, అది విసర్గకాలం. మేఘం, వాన, చల్లని గాలి భూతాపాన్ని తగ్గించగా చంద్రుని బలం హెచ్చి, ప్రాణులకు బలం తిరిగి వస్తుంది. చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలోను, అష్టాంగహృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలోను ఈ విషయం విపులంగా ఉన్నది. చలికాలంలో బలం అధికం, వానాకాలంలోను వేసవిలోను అల్పం, వసంత శరత్తులలో మధ్యమం అని దాని సారాంశం.

ఈ వర్ణనలో రాశి పేరు గాని, సంక్రాంతి పేరు గాని ప్రధానం కాదని పాఠకులు గమనించాలి. ఎండ, గాలి, తేమ, మేఘం, జఠరాగ్ని, శరీరబలం ఇవే ప్రధానం. సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మాఘ ఫాల్గుణాలను శిశిరంగా లెక్కించే వరుసను చెప్పి, దోషాల సంచయ, ప్రకోప, ఉపశమనాల కోసం వేరొక వరుస కూడా చెప్పాడు. ఆ రెండవ వరుసలో భాద్రపద ఆశ్వయుజాలు వర్షఋతువు, ఆషాఢ శ్రావణాలు ప్రావృట్ అనే తొలకరి ఋతువు. శిశిరం అసలు లేదు. ఒకే గ్రంథంలో ఒకే అధ్యాయంలో రెండు ఋతుపట్టికలు ఉన్నాయంటే, మాసం పేరును బట్టి గుడ్డిగా పోవద్దని ఆచార్యుడు హెచ్చరించినట్లే గదా!

శోధన చికిత్సల విషయంలో వాగ్భటుని మాట మరింత స్పష్టం. వేసవిలో సంచయమైన వాతాన్ని శ్రావణంలోను, వానలలో సంచయమైన పిత్తాన్ని కార్తికంలోను, చలిలో సంచయమైన కఫాన్ని చైత్రంలోను తొలగించాలన్నాడు. అయితే ఆ మాసాలకు "సాధారణ" అనే విశేషణం తగిలించాడు. అతిగా ఎండ గాని, వాన గాని, చలి గాని లేని సమశీతోష్ణ సమయం కావాలని భావం. 2023వ సంవత్సరాన్నే తీసుకోండి. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చి నిజ శ్రావణం ఆగస్టు 17న గాని మొదలు కాలేదు. పైగా ఆ ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తరువాత అన్నింటికంటె తక్కువ వాన కురిసిన ఆగస్టుగా నమోదయింది. మాసం పేరు చూసి "వానాకాలం వచ్చింది, వస్తికర్మ చేయించుకుంటాను" అన్నవారికి ఆకాశం వేరే సమాధానం చెప్పింది. ఇట్టి సందర్భాలలో వైద్యుడు పంచాంగం మూసి, కిటికీ తెరవాలి.

మన నేల, మన ఎండ

ఇంతకుముందు చెప్పిన నడినెత్తి సూర్యుని సంగతి ఇక్కడ అవసరమవుతుంది. సూర్యుడు ఉత్తరానికి పోతూ చిత్తూరు జిల్లా దక్షిణపు కొసను ఏప్రిల్ చివరి వారంలో, ఆదిలాబాదు ప్రాంతాన్ని మే మూడవ వారంలో నడినెత్తిగా దాటుతాడు. ఆ సమయానికి తొలకరి ఇంకా రాదు. ఆకాశం నిర్మలం, నేల పొడి. కనుక ఆదానకాలపు తీవ్రత మనకు అయనాంతమైన జూన్ 21న కాక, దానికి నెల ముందే పరాకాష్ఠ చేరుతుంది. "రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయి" అన్న సామెతలోని రోహిణీ కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు దేశంలో రెండు వేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే. అయనం అనే మాట కేవలం పండితుల చర్చనీయాంశం కాదని చెప్పడానికే ఈ విషాదాన్ని స్మరించాను. పగలు అతి దీర్ఘమైన నాడే ఎండ అతి తీవ్రమని పుస్తకంలో చదివి జాగ్రత్తపడేవాడు మన నేలపై నెల ఆలస్యంగా జాగ్రత్తపడినట్లే.

ఐరోపాలో జూన్ 21 నిండు వేసవి. మనకు అదే దినం మేఘాలు కమ్మే వేళ. నైరృతి ఋతుపవనాలు సాధారణంగా జూన్‌లోనే మన నేలను చేరుతాయి. సూర్యుడు దక్షిణానికి మరలడమూ, వానలు మొదలై భూతాపం తగ్గడమూ ఇంచుమించు ఒకేసారి జరగడం ఈ ఉపఖండానికి ప్రకృతి ప్రసాదించిన సౌలభ్యం. ఆదాన విసర్గాల భావన ఈ నేలమీద పుట్టడంలో ఆశ్చర్యం లేదు. నిజమైన దక్షిణాయనాన్ని ప్రమాణంగా తీసుకుంటే శాస్త్రం చెప్పిన విసర్గం మన తొలకరితో చక్కగా కలుస్తుంది. జూలై మధ్యనున్న కర్కాటక సంక్రమణాన్ని ప్రమాణంగా తీసుకుంటే అప్పటికే నెల రోజుల వాన కురిసిపోయి ఉంటుంది. మందగించిన అగ్నిపై వేసవినాటి చల్లని పానీయాలూ పులిసిన పదార్థాలూ పడి అజీర్ణం, విరేచనాలు మొదలై ఉంటాయి. వైద్యుల వద్దకు ఆ నెలలో వచ్చేవారిని చూస్తే ఈ మాట బోధపడుతుంది.

వేదాంగ జ్యోతిషంలో అతి దీర్ఘమైన పగలు 18 ముహూర్తాలు, అతి హ్రస్వమైనది 12 ముహూర్తాలు అని ఉన్నది. నేటి లెక్కలో 14 గంటల 24 నిమిషాలు, 9 గంటల 36 నిమిషాలు. ఇది వాయవ్య భారతానికి సరిపోయే కొలత. హైదరాబాదులో ఆ రెండు పగళ్ళకూ తేడా రెండు గంటలకు కొంచెం ఎక్కువ మాత్రమే. గ్రంథం పుట్టిన చోటు వేరు, మనం బ్రదికే చోటు వేరు. దేశాన్ని గమనించి కాలాన్ని నిర్ణయించమనడం ఆయుర్వేదానికి ప్రాణసూత్రం.

వంటయింటి జ్ఞానం

ఇంత చర్చ లేకుండానే మన తల్లులు సూర్యుని అనుసరించారన్నది నన్ను తరచు ఆశ్చర్యపరచే విషయం. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. నిజమైన ఉత్తరాయణం దాని తొలివారంలోనే పడుతుంది. చలి ముదిరి, జఠరాగ్ని ప్రబలమైన ఆ వేళ పెసరపప్పు, మిరియాలు, నేయి కలిసిన కట్టెపొంగలి తెల్లవారుజామున సిద్ధమవుతుంది. హేమంతంలో పాలపదార్థాలు, చెరకు రసంతో చేసినవి, నూనె, కొత్తబియ్యపు అన్నం, వేడినీరు సేవించేవారికి ఆయుష్షు తరగదని చరకుడు చెప్పాడు. కొత్తబియ్యం, బెల్లం, నువ్వులు, నేయి లేక నూనె కలిస్తే అరిసె. నువ్వులు, వాము చేరిన బియ్యపు పిండితో సకినం. అగ్ని బలంగా ఉన్న వేళకే ఈ గురుపదార్థాలు తగును.

తొలి ఏకాదశినాడు పేలపిండిని బెల్లంతో కలిపి తినే ఆచారం చూడండి. పేలాలు తేలికగా జీర్ణమయ్యేవి. వానలకు మందగించిన అగ్నికి అనువైనవి. వర్షఋతువులో పిండిని చల్లని నీళ్ళలో కలిపి త్రాగరాదని చరకుడు నిషేధించాడు. మనవారు దానిని పొడిగానే తింటారు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం, మునగాకు వండుకోవడం, మృగశిర కార్తెనాడు ఇంగువను బెల్లంలో చుట్టి మ్రింగడం మొదలైనవి కూడా తొలకరి సంధిలో శరీరాన్ని సిద్ధపరచే ప్రయత్నాలే. కనుక తప్పు ఆచారానిది కాదు. ఆచారం సూర్యుని వెంట నడుస్తూనే ఉన్నది. దానిపై అతికించిన తేదీ మాత్రం జరిగింది.

రెండు ఆక్షేపణలు

నా అభిప్రాయాన్ని ఇద్దరు ఆక్షేపిస్తారు. నిరయన గణనే మన సంప్రదాయమనీ, దానిని కాదంటే ధర్మలోపమనీ ఒకరు. వారికి నా మనవి ఇది: సంక్రాంతి స్నానదానాలను, తర్పణాలను నిరయన గణన ప్రకారమే ఆచరించండి. వ్రతానికి శాస్త్రం వేరు, వైద్యానికి శాస్త్రం వేరు. శ్రాద్ధతిథిని వైద్యుడు నిర్ణయించనట్లే పథ్యాన్ని సంక్రమణ ఘడియ నిర్ణయించదు. వరాహమిహిరుని కంటె సంప్రదాయజ్ఞులు ఎవరు? ఆయనే ప్రత్యక్షాన్ని పరీక్షించమన్నాడు.

తేదీ తప్పయినది గనుక ఋతుచర్య అంతా మూఢనమ్మకమని రెండవవారు. వీరు గడియారం పదినిమిషాలు వెనుకబడిందని కాలమే లేదనేవారివంటివారు. పగటి ప్రమాణం మారుతుంది, ఉష్ణోగ్రత మారుతుంది, దాహం, ఆకలి, నిద్ర మారుతాయి. ఇవి ఎవరైనా తమ శరీరంలో గుర్తించగల మార్పులు. వాటికి తగినట్లు ఆహారవిహారాలను సరిదిద్దుకోవడంలో మూఢత్వం ఏమున్నది?

సముద్రాల ఆవలి తెలుగువారికి

నేడు తెలుగు కుటుంబాలు ఆస్ట్రేలియాలోను, న్యూజిలాండులోను స్థిరపడి ఉన్నాయి. అక్కడ డిసెంబరు 21 అతి దీర్ఘమైన పగలు. సంక్రాంతి నిండు వేసవిలో వస్తుంది. సూర్యుడు ఉత్తరంగా సాగడమంటే వారికి దూరం కావడమే. కనుక ఆ నేలపై ఉత్తరాయణమే బలాన్నిచ్చే కాలం, దక్షిణాయనమే బలాన్ని గైకొనే కాలం. పండుగనాడు అరిసెను ప్రసాదంగా ఒక ముక్క స్వీకరించి, మజ్జిగ, పండ్లరసం వంటి వేసవి పథ్యాన్ని పాటించడమే వారికి శాస్త్రసమ్మతం. లండను వంటి ఉత్తర నగరాలలో శీతకాలపు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. వేసవి పగలు పదహారు గంటలు దాటుతుంది. అక్కడివారు నిద్రావేళలను, భోజనవేళలను ఆ సూర్యుని బట్టియే అమర్చుకోవాలి. ఇంటినుండి అమ్మ వ్రాసిపంపిన పథ్యాన్ని అక్షరాలా కాక, భావాన్ని గ్రహించి ఆచరించాలి.

ఆచరణకు కొన్ని సూచనలు

1. ఏ ఋతువైనా ముగిసే చివరి ఏడు దినాలు, వచ్చే ఋతువు మొదటి ఏడు దినాలు కలిపి ఋతుసంధి అన్నాడు వాగ్భటుడు. పాత అలవాటును క్రమంగా విడుస్తూ, కొత్తదానిని క్రమంగా చేపట్టాలి. సూర్యుడే మరలడానికి ముందు కొన్నాళ్ళు నిలుస్తున్నప్పుడు మన శరీరాన్ని ఒక్క దినంలో మళ్ళించబోవడం తగదు.

2. డిసెంబరు మధ్య నుండి జనవరి చివరి వరకు నువ్వులనూనెతో అభ్యంగనం, సున్నిపిండితో నలుగు, గోరువెచ్చని నీటి స్నానం హితం. అరిసెలు, సున్నివుండలు ఈ దినాలలోనే, అరుగుదలను బట్టి తినాలి. మధుమేహం ఉన్నవారు బలం వస్తుందన్న పేరుతో బెల్లపు పిండివంటలను మితిమీరి తినరాదు. ఫిబ్రవరిలో ఎండ చురుక్కుమనగానే గురుపదార్థాలను, పగటినిద్రను తగ్గించాలి. లేనిచో కఫవికారాలు పీడిస్తాయి.

3. ఏప్రిల్ ప్రవేశించగానే, జూన్ కొరకు ఎదురుచూడక, ఎండ జాగ్రత్తలు మొదలుపెట్టాలి. పలుచని మజ్జిగలో కొంచెం ఉప్పు, సబ్జాగింజల నీరు, సుగంధిపాల వేళ్ళ పానకం, వట్టివేళ్ళు వేసిన కుండనీరు మేలు. మధ్యాహ్నపు ఎండలో పని చేయరాదు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా అది ఇంటివైద్యానికి లొంగేది కాదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్ళు చల్లార్చుతూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

4. తొలకరి పడగానే కాచి చల్లార్చిన నీరు, పాతబియ్యపు అన్నం, మొదటి ముద్దలో శొంఠిపొడి, నేయి అలవరచుకోవాలి. పగటినిద్ర, చల్లని పిండిపానీయాలు మానాలి.

5. వమన, విరేచన, వస్తికర్మలను మాసం పేరు చూసి ఎవరికి వారు నిర్ణయించుకోరాదు. వాతావరణాన్ని, రోగి బలాన్ని చూసి వైద్యుడే నిర్ణయించాలి. ఋతువు మారిందని నిత్యం వాడే మందులను సొంతంగా ఆపడం ప్రమాదకరం.

కాలం తన లక్షణాలను అతిగా గాని, హీనంగా గాని, విపరీతంగా గాని చూపడం జనపదాలను నశింపజేసే హేతువులలో ఒకటని చరకుడు విమానస్థానంలో చెప్పాడు. వానలు వేళ తప్పుతూ, వడగాలులు ముదురుతున్న ఈ రోజులలో ఆ హెచ్చరిక మునుపటికంటె అధికంగా వర్తిస్తుంది. ఇట్టి కాలంలో అచ్చయిన తేదీని నమ్మి కూర్చోవడం కంటె ఆకాశాన్నీ, నేలనూ, మన ఆకలినీ పరిశీలించడం శ్రేయస్కరం. ప్రతి పాఠశాలలో, ప్రతి ఆయుర్వేద కళాశాల ఆవరణలో ఒక శంకువును నాటి, ఏడాది పొడవునా దాని నీడను విద్యార్థులచేత గుర్తింపజేయాలని నా కోరిక. దానికి ఖర్చు ఒక కర్ర, కొంత సున్నం మాత్రమే. ఆ గుర్తులను చూసిన పిల్లవానికి అయనం అనే మాటకు అర్థం ఎవరూ వేరుగా చెప్పనవసరం ఉండదు. ఋతుచర్య ఎందుకు పాటించాలో కూడా వానికి సులభంగా బోధపడుతుంది.